పెట్టె మీది 1909: పాత ఎయిర్‌బ్రష్‌ల కాలనిర్ణయం

ఎయిర్‌బ్రష్ అంటే గాలి ఒత్తిడితో రంగును సన్నని తుంపరగా చల్లే చిత్రకారుల పనిముట్టు. పాషే కంపెనీ పాత ఎయిర్‌బ్రష్‌ల పెట్టెల్లోనూ, వాటితో వచ్చే కాగితాల్లోనూ ఒక చిరునామా తరచుగా కనిపిస్తుంది: 1909 డైవర్సీ పార్క్‌వే, షికాగో 14, ఇల్లినాయ్. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారి కన్ను ముందుగా 1909 మీద పడుతుంది. ఆ బ్రష్ నూట పదేళ్ల పైబడినదని రాసుకోవడానికి అంతకన్నా సాక్ష్యం ఇంకేం కావాలనిపిస్తుంది. కాని ఆ 1909 సంవత్సరం కాదు, వీధిలో భవనం నంబరు. కాలం చెప్పే అంకె అదే వరుసలో, ఎవరూ పట్టించుకోని చోట, షికాగో పేరు పక్కన ఉంది. అమెరికా తపాలా శాఖ పెద్ద నగరాలను మండలాలుగా విడదీసి, ఊరి పేరు తర్వాత ఒకటి రెండు అంకెల సంఖ్య రాయించడం 1943లో మొదలుపెట్టింది. 1963లో ఐదంకెల జిప్ కోడ్ వచ్చి ఆ పద్ధతిని పక్కకు నెట్టింది. కాబట్టి ‘షికాగో 14’ అని అచ్చయిన కాగితం 1943కు ముందుది కాజాలదు, 1963 తర్వాత ఎక్కువ కాలం అచ్చయి ఉండదు. ఒకే పంక్తిలో పెద్ద అంకె దారి తప్పిస్తుంది, చిన్న అంకె దారి చూపుతుంది.

పాత ఎయిర్‌బ్రష్‌ల కాలనిర్ణయంలో కష్టమంతా ఇలాంటిదే. వస్తువు మీద ఉండే గుర్తుల్లో దాదాపు ఏదీ తయారైన సంవత్సరాన్ని నేరుగా చెప్పదు. ‘ఇంతకు ముందుది కాదు’ అని మాత్రం చాలా గుర్తులు చెప్పగలవు. ‘ఇంతకు తర్వాతిది కాకపోవచ్చు’ అని కొన్ని సూచించగలవు. తేదీ లేని శాసనానికి లిపిని, భాషను, అందులో వచ్చే పేర్లను కలిపి చూసి కాలం కట్టినట్టే, ఇక్కడ కూడా యంత్ర నిర్మాణం, ముద్రలు, చిరునామా, లోహపు పూత, పిడి పదార్థం అనే వేర్వేరు సాక్షులను పిలిచి, వారి మాటలు ఎక్కడ కలుస్తున్నాయో చూడాలి. ఒక్క సాక్షిని నమ్మి తీర్పు రాస్తే తప్పడం ఖాయం.

మొదట చూడవలసింది ముద్రను కాదు, పనితీరును. ముద్ర అరిగిపోవచ్చు, పిడి మారిపోవచ్చు. బొమ్మ గీసే గాలి ఏ దారిన వస్తుంది, రంగు దానికి ఎక్కడ తగులుతుంది అన్నది వస్తువు ఎముకల్లో ఉంటుంది. ఈ లెక్కన పాత ఎయిర్‌బ్రష్‌లు మూడు తెగలుగా కనిపిస్తాయి. ఒక తెగలో రంగు ముక్కు నుంచి బయటికి వచ్చాక, బయట వీచే గాలి దాన్ని తుంపరగా చేస్తుంది. రెండో తెగలో సన్నని సూది, రంగు బయటికి వచ్చే నాజిల్ అనే సన్నని మూతి లోపల కూర్చుని ఉంటుంది. సూదిని వెనక్కి లాగినంత మేరకు రంగు వదులుతుంది, చుట్టూ ఉన్న గాలి దాన్ని మూతి దగ్గరే లాక్కుంటుంది. ఇప్పటి బ్రష్‌లలో ఎక్కువ భాగం ఈ తెగవే. మూడోది అన్నిటికన్నా వింతైనది. అందులో గాలి దెబ్బకు ఒక చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఒక కమ్మీని ఊపుతుంది. కమ్మీకి బిగించిన సూది ముందుకూ వెనక్కూ ఆడుతూ, రంగు గిన్నెలో తడిసి వచ్చిన ప్రతిసారీ గాలి ధారకు ఎదురుగా నిలుస్తుంది. గాలి ఆ తడిని ఊదేస్తుంది. ఎయిర్‌బ్రష్ చరిత్ర మొదలైంది ఈ మూడో తెగతోనే.

తుంపర చల్లే పరికరానికి ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ 1876 సెప్టెంబర్ 19న అమెరికా పేటెంట్ పొందాడు. తర్వాతి కాలంలో ఆవిరి కార్లతో పేరు తెచ్చుకున్న స్టాన్లీ సోదరుల్లో ఇతనొకడు. ఆ పరికరం వరసకు పూర్వీకురాలే గాని, దాన్ని చిత్రకారుడి చేతిలో ఇమిడే ఎయిర్‌బ్రష్ అనలేం. ఆ పేరుకు తగిన మొదటి సాధనాన్ని అయోవా రాష్ట్రం వెబ్‌స్టర్ సిటీలో ఏబ్నర్ పీలర్ 1870ల చివర్లో తయారుచేశాడు. కుట్టుసూది, వంచిన స్క్రూడ్రైవర్, పాత చెంచా, కొయ్య ముక్కలు కలిపి తొలి నమూనా కట్టాడని చెబుతారు. అతని నుంచి హక్కులు కొన్నది లిబర్టీ వాకప్. వాకప్ దాన్ని మెరుగుపరచి, ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్ పట్నంలో 1880లలో వ్యాపార సరుకుగా మార్చాడు. ‘ఎయిర్ బ్రష్’ అనే పేరు పెట్టిన ఖ్యాతి అతని భార్య ఫీబీ వాకప్‌కు దక్కింది. కొత్త సాధనం అమ్ముడుపోవాలంటే దాన్ని వాడడం నేర్పాలి గనుక ఆ దంపతులు చిత్రకళా శిక్షణకూ పూనుకున్నారు. అప్పట్లో దీని ప్రధాన ఉపయోగం పెద్దది చేసిన ఫోటోలకు మెరుగులు దిద్దడం. ఛాయాచిత్రాన్ని పెద్ద కాగితం మీదికి తెచ్చినప్పుడు వెలిసిపోయినట్టు కనిపించే ముఖాలకు నీడలు అద్దడానికి కుంచె గీతలు పడని రంగు కావలసి వచ్చింది. ఆ అవసరమే ఈ పరిశ్రమను నిలబెట్టింది.

కాబట్టి రాక్‌ఫర్డ్ పేరున్న, చక్రమూ ఆడే సూదీ ఉన్న బ్రష్ కంటపడితే అది సేకర్తకు అరుదైన క్షణం. తొలి తరం వాకప్ బ్రష్‌లు పెన్నులా ఉండవు. చక్రం, కమ్మీ, చిన్న గిన్నె అన్నీ బయటికే కనిపిస్తూ, గడియారం లోపలి భాగాన్ని ఒక చట్రానికి బిగించినట్టుంటాయి. కాని ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఆడే సూది కనిపించిన ప్రతి బ్రష్షూ పందొమ్మిదో శతాబ్దిది కాదు. పాషే కంపెనీ ఇదే సూత్రంతో ‘ఏబీ టర్బో’ అనే మోడల్‌ను ఇరవయ్యో శతాబ్దిలో దశాబ్దాల పాటు చేసింది. వెంట్రుక అంత సన్నని గీత గీయగల ఆ బ్రష్‌ను ఫోటో రీటచింగ్ పనివారు ఎంతగా కోరుకున్నారంటే, తక్కిన లోకమంతా మరో పద్ధతికి మారిపోయాక కూడా దాని తయారీ ఆగలేదు. అందుచేత నిర్మాణం తెగను చెబుతుంది, వంశాన్ని చెబుతుంది. వయసును మాత్రం ఒంటరిగా చెప్పదు.

ఇప్పటి బ్రష్‌లకు మాతృక అయిన రెండో తెగ 1890ల తొలి ఏళ్లలో చార్లెస్ బర్డిక్ చేతుల్లో రూపుదిద్దుకుంది. గాలీ రంగూ ముక్కు దగ్గర లోపలే కలిసే ఏర్పాటు, దేహం పొడవునా సాగే సూది, పట్టుకుంటే పెన్నులా అనిపించే ఆకారం ఆ దారిలో వచ్చినవే. షికాగోలో చిత్రకళా సామగ్రి అమ్మే థేయర్ అండ్ చాండ్లర్ సంస్థ ఆ కొత్త రకాన్ని 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శన కాలంలో జనం ముందుకు తెచ్చింది. బర్డిక్ తర్వాత ఇంగ్లండ్ చేరి లండన్‌లో ఫౌంటెన్ బ్రష్ కంపెనీ పెట్టాడు. అక్కడి నుంచే ‘ఏరోగ్రాఫ్’ అనే పేరు పుట్టి, బ్రిటన్‌లో ఎయిర్‌బ్రష్‌కు మారుపేరై స్థిరపడింది. షికాగోలో మిగిలిన కొమ్మ కూడా అంతే ఏపుగా పెరిగింది: ఓలస్ వోల్డ్ సొంత కంపెనీ పెట్టుకున్నాడు, నార్వే నుంచి వలస వచ్చిన జెన్స్ ఆండ్రియాస్ పాషే 1904లో తన కంపెనీ స్థాపించాడు. థేయర్ అండ్ చాండ్లర్, వోల్డ్, పాషే అనే ఈ మూడు పేర్లే అమెరికా పాత ఎయిర్‌బ్రష్‌లలో ఎక్కువగా ఎదురవుతాయి. బ్యాడ్జర్ అనే కంపెనీ పేరుంటే మాత్రం అది 1960లకు ఇటువైపుదే.

కంపెనీ పేరు చదివాక పేటెంట్ ముద్ర దగ్గరికి రావాలి. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ, ఎక్కువ సమాచారం దొరికేదీ ఇక్కడే. ముందుగా ఒక చట్టం సంగతి తెలిసి ఉండాలి. అమెరికాలో పేటెంట్ ఉన్న వస్తువు మీద, 1927కు పూర్వపు చట్టం ప్రకారం, పేటెంట్ మంజూరైన తేదీ వేయాలి. 1927లో చేసిన సవరణతో తేదీకి బదులు పేటెంట్ సంఖ్య వేయాలన్నారు. దేహం మీద నెల, రోజు, సంవత్సరం కనిపిస్తే అది 1927కు ముందరి అలవాటు. సంఖ్య మాత్రమే కనిపిస్తే అది తర్వాతి అలవాటు. మార్పు ఒక్క రాత్రిలో జరిగిందనుకోకూడదు. ముద్ర వేసే పాత అచ్చు అరిగేదాకా వాడుకోవడం ఏ కర్మాగారంలోనైనా జరిగే పనే. అయినా స్థూలంగా రెండు యుగాలను విడదీయడానికి ఇంతకన్నా నమ్మదగిన గీత దొరకదు.

తేదీ కనిపించినప్పుడు అది తయారీ తేదీ కాదని గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆ కాలపు అమెరికా పేటెంట్ మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు అమల్లో ఉండేది. ఆ 17 ఏళ్లలో ఏ రోజున తయారైన బ్రష్ మీదనైనా అదే తేదీ ఉంటుంది. గడువు తీరిన తర్వాత కూడా ముద్ర కొనసాగిన వస్తువులు ఉంటాయి గనుక పైహద్దుగా ఆ 17 ఏళ్లను మరీ కఠినంగా పట్టుకోలేం. ఒకే దేహం మీద రెండు మూడు తేదీలుంటే అన్నిటికన్నా చివరిదే లెక్క. పాతదాన్ని పట్టుకుని వస్తువును వెనక్కి నెట్టడం అమ్మేవారికి లాభసాటి అలవాటు. కొనేవారు ఆ వలలో పడకూడదు.

ఈ తేదీలను సరిచూసుకోవడానికి అంతగా ఎవరూ వాడుకోని ఒక మార్గం ఉంది. అమెరికా పేటెంట్ కార్యాలయం పేటెంట్లను మంగళవారాల్లోనే జారీ చేస్తూ వచ్చింది. చేతివేళ్ల రాపిడికి అరిగిన ముద్రలో అంకె 9 ఆ, 0 ఆ అని సందేహం వస్తే పాత క్యాలెండర్ తీర్పు చెబుతుంది. స్టాన్లీ పేటెంట్ తేదీనే తీసుకుంటే, 1876 సెప్టెంబర్ 19 మంగళవారం, సెప్టెంబర్ 10 ఆదివారం. ముద్రలో రెండో అంకె సగం చెరిగిపోయినా అది 10 అయ్యే వీలు లేదు. ముద్రను చదివేటప్పుడు బల్ల మీద నేరుగా పైనుంచి వెలుతురు పడనివ్వకుండా, దీపాన్ని పక్కకు వంచి, బ్రష్‌ను వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ భూతద్దంలో చూడాలి; కంటికి కనిపించని గాడి అంచున సన్నని నీడ పడి అంకె పైకి తేలుతుంది.

సంఖ్య ఉన్నప్పుడు పని మరింత సులువు. పేటెంట్ సంఖ్యలు వరుసగా పెరుగుతూ వచ్చాయి కాబట్టి ఏ ఏడాది ఎక్కడ మొదలైందో తెలిస్తే చాలు. 1880 మొదటి పేటెంట్ సంఖ్య 2,23,211, 1890ది 4,18,665, 1900ది 6,40,167, 1910ది 9,45,010, 1920ది 13,26,899, 1930ది 17,42,181, 1940ది 21,85,170, 1950ది 24,92,944. బ్రష్ మీద 18 లక్షల పైచిలుకు సంఖ్య ఉంటే ఆ పేటెంట్ 1930ల తొలి భాగానిది; కాబట్టి ఆ భాగం అంతకు ముందు తయారై ఉండదు. ‘ఆ భాగం’ అనడంలో ఒక జాగ్రత్త ఉంది. పేటెంట్ కొన్నిసార్లు మొత్తం బ్రష్‌కు కాక, మీటకో నాజిల్‌కో మాత్రమే చెందినదై ఉంటుంది. సంఖ్యను వెతికి అసలు పేటెంట్ బొమ్మను తెరిచి, చేతిలోని వస్తువుతో పక్కపక్కన పెట్టి చూసినవారికే ఈ తేడా తెలుస్తుంది. ఆ బొమ్మలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి గనుక ఈ పని చేయకుండా వయసు ప్రకటించడం క్షమించదగ్గది కాదు.

బ్రిటిష్, జర్మన్ బ్రష్‌లకు గుర్తులు వేరు. ఏరోగ్రాఫ్ పెట్టెల మీద లండన్ చిరునామాను జాగ్రత్తగా చదవాలి. లండన్ తపాలా మండలాలకు అంకెలు 1917లో వచ్చాయి. అంతకు ముందు ‘ఈ.సి.’ అనో ‘ఎస్.ఇ.’ అనో అక్షరాలతోనే సరిపెట్టేవారు. హోబర్న్ వయాడక్ట్ చిరునామా పక్కన ఈ.సి. ఒంటరిగా ఉందా, తర్వాత 1 ఉందా అన్నదీ, లోయర్ సిడెన్‌హమ్ చిరునామాకు ఎస్.ఇ.26 తగిలించి ఉందా అన్నదీ 1917కు అటూ ఇటూ విడదీస్తుంది. ఏరోగ్రాఫ్ పేరుకు డివిల్బిస్ అనే అమెరికా కంపెనీ పేరు జతపడి ఉంటే అది తర్వాతి దశ. జర్మన్ బ్రష్‌ల మీద ‘డి.ఆర్.పి.’ అనే మూడక్షరాలు జర్మన్ సామ్రాజ్య పేటెంటును సూచిస్తాయి. ఆ వ్యవస్థ 1877లో మొదలై 1945తో ముగిసింది. ‘డి.ఆర్.జి.ఎం.’ అన్నది అంతకన్నా చిన్న తరహా రక్షణ, 1891 నుంచి అమల్లోకి వచ్చినది. ‘వెస్ట్ జర్మనీ’ అని చెక్కి ఉంటే రెండో ప్రపంచయుద్ధానంతరపు సరుకని వేరే చెప్పనక్కర్లేదు.

షికాగో చిరునామాల విషయంలో మరో సంగతి కూడా కాలాన్ని పట్టిస్తుంది. ఆ నగరం తన భవనాల నంబర్లను 1909లో మొత్తంగా మార్చింది. నడిబొడ్డున ఉన్న లూప్ ప్రాంతానికి మార్పు 1911లో వచ్చింది. ఒకే కంపెనీకి ఒకే వీధిలో రెండు నంబర్లు కనిపిస్తే స్థలం మారిందని వెంటనే అనుకోకూడదు. మారింది నంబరే కావచ్చు. అలాంటప్పుడు పాత నంబరున్న జాబితా, పెట్టె, వాడుక సూచనల కాగితం 1909కో 1911కో ముందువని తెలుస్తుంది. మొదట చెప్పుకున్న డైవర్సీ పార్క్‌వే నంబరు 1909, ఈ మార్పు జరిగిన సంవత్సరం కూడా 1909 కావడం కేవలం యాదృచ్ఛికం, రెంటినీ ముడిపెట్టకూడదు.

లోహమూ పిడీ చెప్పే మాటలు ఇంకొంచెం మెత్తనివి, కాని తోసిపుచ్చదగ్గవి కావు. పాత బ్రష్‌లు ఎక్కువగా ఇత్తడితోనో, జర్మన్ సిల్వర్ అనే రాగి, నికెల్, జింకు మిశ్రమంతోనో చేసి, నికెల్ పూత పూసినవి. క్రోమ్ పూత వ్యాపార స్థాయిలో వాడుకలోకి వచ్చింది 1920ల నడుమ. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే నికెల్‌లో కొంచెం పసుపు ఛాయ, వెచ్చదనం కనిపిస్తాయి. క్రోమ్ నీలి ఛాయతో, అద్దంలా చల్లగా మెరుస్తుంది. 1890ల తేదీ ముద్ర ఉన్న దేహం నీలంగా మెరిసిపోతుంటే, దానికి తర్వాత ఎవరో కొత్తగా పూత వేయించారని అర్థం. అలా వేయించేటప్పుడు ముందు పాలిష్ పట్టించి ఉంటారు కాబట్టి అక్షరాల అంచులు గుండ్రబడి, గాడులు లోతు తగ్గి ఉంటాయి. ఆ గుండ్రదనాన్ని గోటికొసతో కూడా పసిగట్టవచ్చు.

పిడి నల్లగా ఉంటే అది ఎబొనైట్ అనే గట్టి రబ్బరా, బేకలైట్ అనే తొలినాటి ప్లాస్టిక్కా, ఇటీవలి ప్లాస్టిక్కా అన్నది వేలు చెబుతుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది, వెచ్చబడగానే వాసన చూస్తే, ఎబొనైట్‌కు గంధకపు వాసన వస్తుంది. బేకలైట్‌కు కార్బాలిక్ ఆమ్లాన్ని తలపించే ఘాటు ఉంటుంది. ఎండ సోకిన ఎబొనైట్ నలుపు వదిలి గోధుమ రంగుకు తిరుగుతుంది. పెట్టెలో దాగి ఉన్న వైపు నల్లగా, తెరచి ఉన్న వైపు గోధుమగా ఉన్న పిడి ఆ పెట్టెలో చాలాకాలం పడి ఉందనడానికి మంచి ఆధారం. బేకలైట్ పేటెంట్ 1909 నాటిది. అంతకు ముందరి బ్రష్‌కు బేకలైట్ పిడి ఉంటే అది మార్చిన పిడి. సూది చుట్టూ గాలి బయటికి పోకుండా బిగించే పట్టీ తెల్లని టెఫ్లాన్‌ది అయితే, ఆ పదార్థాన్ని 1938లో కనుగొన్నారు కాబట్టి, అది రెండో ప్రపంచయుద్ధం తర్వాత తయారైనదో, ఆ తర్వాత మరమ్మతు పొందినదో అయి ఉండాలి.

మరమ్మతు అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎయిర్‌బ్రష్ అలంకార వస్తువు కాదు, పనిముట్టు. సూది వంగుతుంది, నాజిల్ మూతి చీలుతుంది, గిన్నె పోతుంది. ముప్పై ఏళ్లు పని చేసిన బ్రష్‌లో పుట్టినప్పటి సూది ఉండడం దాదాపు అసాధ్యం. దేహం ఒక దశాబ్దానిదీ, మీట మరో దశాబ్దానిదీ, పిడి వేరే కంపెనీదీ అయిన బ్రష్‌లు ఎన్నో తిరుగుతున్నాయి. వీటిని నకిలీలని తిట్టడం అన్యాయం. బతుకుతెరువు కోసం వాడినవారు చేతికి దొరికిన భాగంతో పని సాగించుకున్నారు. కాలం కట్టేటప్పుడు మాత్రం విప్పకుండా ఉండే ప్రధాన దేహానికే పెద్దపీట వేయాలి. తక్కిన భాగాలను విడివిడిగా నమోదు చేయాలి. స్క్రూ మరల చుట్టు, భాగాల మధ్య పూత వన్నె, పట్టు కోసం గాట్లు కోసిన చోట గాట్ల మధ్య దూరం సరిపోలుతున్నాయా అన్నది ఒకే పుట్టుక భాగాలను అతుకు భాగాల నుంచి వేరు చేస్తుంది.

ఈ కారణంగానే, దొరికిన వెంటనే తళతళలాడేలా తోమడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తోమిన గుడ్డ మీదికి నల్లగా వచ్చేది మురికి ఒక్కటే కాదు. పూత వయసు, ముద్ర లోతు, అసలు భాగాల జతను చూపే ఒకే రకపు మసక కూడా దానితోపాటు పోతాయి. గిన్నె అడుగున ఎండిన రంగును గీకే ముందు ఫోటో తీయాలి. తెలుపు, నలుపు, బూడిద రంగులే మిగిలి ఉంటే ఆ బ్రష్ ఫోటో రీటచింగ్‌లో పనిచేసి ఉండవచ్చుననే సూచన అక్కడే దొరుకుతుంది. లోపల సూది ఉండే రకంలో ఇరుక్కుపోయిన సూదిని ముందుకు నెట్టకూడదు. నాజిల్ మూతి మొనవైపు సన్నబడి ఉంటుంది కాబట్టి నెట్టిన సూది దాన్ని చీలుస్తుంది. రంగు కరిగేలా ముక్కు భాగాన్ని మాత్రం నానబెట్టి, సూదిని వెనక్కి, తిప్పకుండా, తిన్నగా లాగాలి. పిడిని ద్రావణంలో ముంచితే ఎబొనైట్ మెరుపు పోవచ్చు.

సేకరణ పుస్తకంలో రాసే పద్ధతి కూడా ఈ జాగ్రత్తకు తగ్గట్టే ఉండాలి. ‘1909 పాషే’ అని ఒక్క మాట రాయడం కన్నా, దేహం మీది ముద్ర ఏమిటి, అందులో చివరి పేటెంట్ ఏది, పూత ఏ రకం, పిడి ఏ పదార్థం, పెట్టె చిరునామాలో మండల సంఖ్య ఉందా లేదా అని వరుసగా నమోదు చేసి, దాని కింద ‘దేహం ఫలానా ఏడాదికి ముందుది కాదు, పెట్టె 1943కూ 1963కూ మధ్యది, పిడి తర్వాత మార్చినది’ అని మూడు వేర్వేరు వాక్యాలు రాయాలి. పెట్టె, బ్రష్ ఒకే చోట దొరికాయన్నంత మాత్రాన ఒకే రోజున కొన్నవని అనుకోకూడదు. పెట్టెలో మఖ్మల్ గుడ్డ మీద పడిన అచ్చులో ఆ బ్రష్ మీట ఉన్న చోటూ, గిన్నె ఉన్న వైపూ సరిగ్గా ఒదిగితే, ఆ రెండూ చాలాకాలం కలిసే ఉన్నాయని చెప్పవచ్చు; గిన్నె అచ్చు కుడివైపున ఉండి, చేతిలోని బ్రష్‌కు గిన్నె ఎడమవైపున ఉంటే, ఆ పెట్టె మరో బ్రష్‌ది.